ఆదరణ అనే మాట

తెలుగు బైబిలు చదివినవారికి ‘ఆదరణ’ అనే మాట సుపరిచితం. దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడం, కుంగినవారికి ధైర్యం చెప్పడం అన్న అర్థంలో ఆ గ్రంథం ఈ మాటను పదే పదే వాడుతుంది. పరిశుద్ధాత్మను ‘ఆదరణకర్త’ అని పిలుస్తుంది. చర్చి బయటి తెలుగులో అదే మాటకు మరో అర్థం ఉంది. ఇంటికి వచ్చిన మనిషిని గౌరవంగా లోపలికి పిలిచి కూర్చోబెట్టడాన్ని కూడా ఆదరణ అంటాం. ఒకటి ఓదార్పు, రెండోది మర్యాద. ఊరి నడుమ పుట్టినవారికి ఇవి రెండూ వేర్వేరు విషయాలుగా తోచవచ్చు. ఊరి చివర పుట్టినవారికి మాత్రం మర్యాద లేని ఓదార్పు ఏనాడూ ఓదార్పుగా అనిపించలేదు. గుమ్మం బయట నిలబెట్టి జాలిపడినవారిని మా పెద్దలు ఎందరినో చూశారు. లోపలికి రమ్మన్నవారు తక్కువ.

నేను పుట్టింది ప్రకాశం జిల్లాలోని ఒక మాదిగవాడలో. ముప్పైయేళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశాను. కష్టకాలంలో క్రైస్తవ విశ్వాసం దళితులకు ఏమిచ్చిందన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు రెండు సిద్ధమైన జవాబులు వినిపిస్తుంటాయి. బియ్యం కోసం, పాలపొడి కోసం, బడి ఫీజు కోసం మతం మారారన్నది మొదటిది. బాధను మరిపించే మత్తు తప్ప అందులో ఏమీ లేదన్నది రెండోది. మొదటి జవాబు చెప్పేవారు, రెండో జవాబు చెప్పేవారు రాజకీయంగా బద్ధవిరోధులు. అయినా ఒక విషయంలో వారిది ఒకే మాట. దళితులు ఆలోచించి, తూచి, తెలిసి ఒక నిర్ణయం తీసుకోగలరని ఇద్దరూ నమ్మరు. చరిత్రను కొంచెం ఓపికగా చూస్తే ఈ రెండు జవాబులూ నిలబడవు.

కరువు చెప్పిన సంగతి

1876–78 మధ్య దక్షిణ భారతాన్ని కబళించిన మహాకరువులో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అప్పటికి ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పనిచేస్తున్నారు. 1866లో అక్కడికి వచ్చిన ఆయనకు మిషనరీ కాకమునుపు అమెరికాలో సర్వేయరుగా చేసిన అనుభవం ఉంది. కరువు పనుల కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల పనిని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో వచ్చిన వేలమందికి ఆ కాలువగట్టున పని, కూలి, తలదాచుకునేందుకు పాకలు దొరికాయి. ఆయన దగ్గరి తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. వారిలో ఎక్కువమంది మాదిగలు. పగలు పని చేయించినవారే విరామ వేళల్లో కూలీల పక్కన కూర్చుని వారి కష్టం విన్నారు, తమ విశ్వాసం గురించి చెప్పారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. కరువు సాగినంత కాలం బాప్తిస్మం ఇమ్మని వచ్చినవారిని క్లౌ చేర్చుకోలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదనే ఆయన వారిని ఆపారు. సహాయం ఆగిపోయింది, ఇక డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లండని చెప్పిన తర్వాతే జనం అసలు వెల్లువై వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి వారికి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. ఆ కొద్ది నెలల్లోనే ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. బియ్యం కోసమే వచ్చేవారైతే బియ్యం ఉన్నప్పుడు రావాలి. బియ్యం లేదని తేల్చి చెప్పిన తర్వాత వచ్చినవారిని ఆ పేరుతో పిలవడం చరిత్రకు చేసే అన్యాయం.

ఆ కదలికకు మూలం దొరలో మాత్రమే లేదు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ. రాజయోగం సాధన చేసి, శిష్యులను సంపాదించుకున్న అన్వేషి. తోళ్ల బేరానికి ఊళ్లు తిరిగే క్రమంలో క్రీస్తు మాట విని, భార్య నాగమ్మతో కలిసి 1866లో ఒంగోలు మిషన్‌లో చేరారు. ఆ ప్రాంతపు మాదిగపల్లెల్లో క్రైస్తవం ఆయన కాళ్లమీద నడిచి వ్యాపించింది. ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి ప్రచురించిన పుస్తకం చదివితే, ఈ జనం అంతకుముందే దేవుడి గురించి, మనిషి విలువ గురించి తీవ్రంగా వెతుకుతున్నవారని తెలుస్తుంది. వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడన్న సంగతి మనకు తెలిసిందే. వెతుకులాట ముందే ఉంది. కరువులో దానికి ఒక చోటు దొరికింది.

ఆదివారం విలువ

ఒంగోలు మిషన్‌లో చేరిన మాదిగలకు మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. ఇవి పైకి మతాచారాలుగా కనబడతాయి. ఊరి కట్టుబాటు తెలిసినవారికి వీటి అసలు బరువు అర్థమవుతుంది. ఊరిలో చనిపోయిన పశువును ఈడ్చుకుపోవడం, చెప్పులు కుట్టడం, కపిల తోలే రైతులకు తోలు బానలు చేసి ఇవ్వడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల విధి. దానికి బదులుగా కల్లంలో కొలిచే మేర వారికి ఆధారం. ఆ మనిషి ఏ రోజున పనికి రావాలో, ఏం తినాలో, ఎవరి దేవత ముందు డప్పు పట్టాలో ఊరే నిర్ణయించేది. ఆ మూడింటి మీదా ఊరికి ఉన్న అధికారాన్ని ఆ మూడు నియమాలు నేరుగా ప్రశ్నించాయి.

వారంలో ఒక రోజు నాది అని చెప్పడం ఇవాళ ఉద్యోగస్తులకు చిన్న విషయం. వెట్టిలో పుట్టిన మనిషికి అది తన జీవితంలో మొట్టమొదటి హక్కు. ఆ హక్కును వాడుకున్నందుకు మా పూర్వీకులు మూల్యం చెల్లించారు. కొన్నిచోట్ల మేర ఆగిపోయింది. కొన్నిచోట్ల నీళ్లు ఆగిపోయాయి. దొంగకేసులు పడ్డాయి, దెబ్బలు తగిలాయి. విశ్వాసంలో చేరితే కష్టాలు తీరుతాయని ఎవరూ వారికి చెప్పలేదు. చెప్పినా నమ్మే పరిస్థితి లేదు. కొత్త కష్టాలు వస్తాయని తెలిసే వారు చేరారు. పాత కష్టంలో తల వంచుకుని ఉండాలి. కొత్త కష్టంలో తల ఎత్తుకుని ఉండవచ్చు. ఈ తేడాను అర్థం చేసుకోకుండా క్రైస్తవ విశ్వాసం దళితులకు ఇచ్చిన ధైర్యం గురించి మాట్లాడలేం.

మిషన్లన్నీ ఈ దారిలో నడిచాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1843లో మచిలీపట్నంలో మొదలైన రాబర్ట్ నోబుల్ పాఠశాల ప్రధానంగా పైకులాల పిల్లల చదువు మీదే దృష్టి పెట్టింది. పైకులాలు మారితే కింది కులాలు వాటంతట అవే మారతాయన్న ఆశ అప్పటి అనేక మిషన్లలో ఉంది. ఒంగోలులోనూ ఆ పరీక్ష వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే మేము దూరమవుతామని అక్కడి పెద్దకులాలవారు క్లౌకు స్పష్టం చేశారు. ఆ సందిగ్ధంలో ఆయన, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని ఆయన జీవితకథ చెబుతుంది. లోకం నీచమనుకున్నవారిని, ఎన్నిక లేనివారిని దేవుడు ఎన్నుకున్నాడన్నది ఆ భాగం సారాంశం. అది దైవసంకేతమా, యాదృచ్ఛికమా అన్న చర్చ అలా ఉంచుదాం. ఆ రోజు ఒక సంస్థ పెద్దకులాల ఆదరణను వదులుకుని మాదిగలను లోపలికి పిలిచింది. మా వాడలకు అదే ముఖ్యం.

సాక్ష్యం, కీర్తన, పిడికెడు బియ్యం

ధైర్యం అనేది గాలిలోంచి రాదు. దానికి కొన్ని అలవాట్లు కావాలి. నా చిన్నతనంలో మా వాడలోని గుడి తాటాకు పాక. అక్కడ నేను చూసిన అలవాట్లు మూడింటిని చెబుతాను.

మొదటిది సాక్ష్యం. కూడికలో ఎవరైనా లేచి నిలబడి ఆ వారంలో తాము పడ్డ కష్టాన్ని, దాన్ని దాటిన తీరును నలుగురికీ చెప్పడం. మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె నాట్లకు, కలుపుకు వెళ్లే కూలీ. పొలంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవారు లేరు, అభిప్రాయం అడిగినవారు అంతకన్నా లేరు. శుక్రవారం ఉపవాస కూడికలో మాత్రం ఆమె నిలబడితే ముప్పైమంది నోరు మెదపకుండా వినేవారు. చనిపోయిన బిడ్డ గురించి, తీరని అప్పు గురించి, కూలి ఎగ్గొట్టిన ఆసామి గురించి ఆమె చెప్పేది. ‘ఎందుకు ప్రభువా’ అని ఏడ్చేది, ఒక్కోసారి దేవుడితో గొడవపడేది. ఎవరూ ఆమెను వారించలేదు. బైబిలులో యోబు దేవుణ్ణి నిలదీశాడు, విలాపవాక్యములు అనే పేరుతో ఏకంగా ఒక గ్రంథమే ఉంది. ఏడుపును అణచుకోమనకుండా దానికి ఒక భాషను, వినే మనుషులను ఇవ్వడం మొదటి ఆదరణ.

రెండోది కీర్తన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి పాట మీదా రాగం, తాళం పేర్లు కనబడతాయి. 19వ శతాబ్దంలో బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి వంటివారు వాటిలో ఎన్నింటినో రాశారు. సంగీత సభల గుమ్మం తొక్కనివ్వని జనం, వేదం వినకూడదన్న జనం, పల్లవి, అనుపల్లవి, చరణాలతో కూడిన కీర్తనను డప్పు, తాళాలతో తమ పాకలో గొంతెత్తి పాడారు. అక్షరం రానివారు వందల కీర్తనలను కంఠస్థం చేశారు. చావు ఇంట్లో రాత్రంతా వాటినే పాడేవారు. శవం పక్కన ఒంటరిగా కూర్చోవలసిన దుస్థితి మా వాడలో ఎవరికీ రాలేదు.

మూడోది పిడికెడు బియ్యం. ఎసట్లో పోసే ముందు ప్రతి ఇల్లాలూ గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యమంతా గుడికి చేరేది. సంఘం దాన్ని పాస్టరు ఇంటికో, ఆ వారం పొయ్యి వెలగని ఇంటికో ఇచ్చేది. ఇచ్చేవారు కూడా పేదలే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై, దోర్నకల్ కేంద్రంగా తెలుగు పల్లెల్లో పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, పల్లె సంఘాలు ఎంత పేదవైనా తమ కానుకతో తామే నిలబడాలని పట్టుబట్టారు. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ కెతీడ్రల్ వెనుక ఆ పల్లె సంఘాల కోతపండుగ కానుకలు, చెమట ఉన్నాయి. తీసుకోవడానికే పుట్టామని ఊరు చెప్పిన మనుషులు, మేమూ ఇవ్వగలమని తెలుసుకోవడం చిన్న సంగతి కాదు.

ఈ అలవాట్లు పాతకాలపు జ్ఞాపకాలు మాత్రమే కావు. 2021 మే నెలలో కరోనా రెండో విడత మా ప్రాంతాన్ని చుట్టుముట్టినప్పుడు, బంధువులే దగ్గరకు రాని శవాలను మా సంఘం యువకులు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని సమాధి చేశారు. గుడి తలుపులు మూసి ఉన్నా స్త్రీల కూడిక ఫోనులో సాగింది. ఎవరింట్లో బియ్యం అయిపోయాయో, ఎవరికి ఆక్సిజన్ అవసరమో ఆ ఫోను ద్వారానే తెలిసేది. ప్రార్థన, పరామర్శ, సహాయం అక్కడ మూడు వేర్వేరు పనులు కావు.

చీరాల చర్చి ఆవరణ

మత్తు అన్న రెండో జవాబుకు సమాధానం కారంచేడులో ఉంది. మాదిగల మంచినీటి చెరువులో మురికి కలుపుతున్నారని అడిగిన పిల్లవాడిని కొడుతుంటే, నీళ్లకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ చేతిలోని బిందె ఎత్తి ఎదురు నిలిచింది. ఆమె పేరు సువార్త. మరుసటి రోజు, 1985 జూలై 17న, మాదిగపల్లెపై జరిగిన దాడిలో ఆరుగురు చనిపోయారు. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలకు చేరి అక్కడి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ ఆవరణ శరణార్థుల శిబిరమైంది, ఉద్యమ కేంద్రమైంది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది అప్పుడే. బాధితులు ఊరికి తిరిగి వెళ్లబోమని తేల్చి చెప్పి, చీరాలలోనే కొత్త కాలనీ సాధించుకున్నారు.

ప్రత్యక్ష సాక్షిగా నిలిచిన అలీసమ్మ తర్వాతి కాలంలో హత్యకు గురయ్యారు. 2008 చివరలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేనాటికి ఇరవై మూడేళ్లు గడిచాయి. సాక్ష్యం అన్న మాటను ఇక్కడ మరోసారి తలచుకోవాలి. కూడికలో నిలబడి తన మాట చెప్పడం అలవాటైన స్త్రీలకు కోర్టులో నిలబడి చెప్పడానికి ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. సువార్త, అలీసమ్మ అన్న ఆ పేర్లు చర్చి ఇచ్చిన పేర్లు. మత్తులో ఉన్న మనుషులు బిందె ఎత్తరు, సాక్ష్యం చెప్పరు, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగరు.

చుండూరు మరింత చేదు ఉదాహరణ. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. చనిపోయినవారిని ఊరి దళితులు తమ వాడలోనే సమాధి చేసుకున్నారు. ఆ స్థలాన్ని రక్తక్షేత్రం అంటారు. ఇలాంటి తీర్పుల తర్వాత కూడా మనుషులు మర్నాడు లేచి బతకడానికి ఒక ఆధారం కావాలి. హతుడైన వ్యక్తిని దేవుడిగా కొలిచే విశ్వాసం, న్యాయస్థానం తప్పుడు తీర్పిచ్చినా కథ అక్కడితో ముగియదని చెప్పే విశ్వాసం, వారిలో చాలామందికి ఆ ఆధారమైంది. న్యాయం కోసం పోరాడటం మానడానికి కాదు, పోరాడుతూ విరిగిపోకుండా ఉండటానికి.

గుడిలోకి వచ్చిన ఊరు

ఇంత చెప్పాక మరోవైపు మాట్లాడకపోవడం నిజాయితీ కాదు. మతం మారినవారి స్థితి గురించి రాసిన వ్యాసంలో అంబేడ్కర్ చేసిన విమర్శ ఇప్పటికీ మనల్ని గుచ్చుతుంది. అంటరానితనం నుంచి వచ్చిన క్రైస్తవులు తమపై జరిగే అన్యాయాలను ఎదిరించే సామాజిక ఉద్యమం నిర్మించలేదని, చర్చి వారిని అందుకు సిద్ధం చేయలేదని ఆయన అన్నారు. కారంచేడు, చుండూరు ఆ విమర్శకు కొంత జవాబిచ్చాయి. పూర్తి జవాబు ఇంకా బాకీ ఉంది.

చర్చిలో కులం లేదన్నది వేదిక మీద చెప్పే మాట. పెళ్లి సంబంధాల దగ్గర, సంఘ ఎన్నికల దగ్గర, బిషప్పు పదవుల దగ్గర కులం తప్ప మరేదీ కనబడదు. కొన్ని మిషన్లు మాలల సంఘాలుగా, కొన్ని మాదిగల సంఘాలుగా మిగిలిపోయాయి. రెడ్డి, కమ్మ క్రైస్తవులు తమ కులాన్ని తమతోనే ఉంచుకున్నారు. కేథలిక్ బిషప్పుల మహాసభ 2016 డిసెంబరులో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో సంఘంలో అంటరానితనం ఉందన్న సత్యాన్ని అంగీకరించింది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు, ఆ స్థానానికి చేరిన తొలి దళితుడిగా తెలుగువారే ఉండటం మాకు సంతోషం కలిగించింది. తొలి దళిత కార్డినల్ కోసం ఇంతకాలం వేచి ఉండవలసి రావడం ఆ సంతోషంలో కలిసిన చేదు.

గుర్రం జాషువాను తలచుకోకుండా ఈ విషయం పూర్తికాదు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయనకు బాప్తిస్మం కులం నుంచి రక్షణ ఇవ్వలేదు. అవమానాలు ఆయనను ఊరూరా వెంటాడాయి. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో గుడిలోకి మనిషి వెళ్లలేడు గనుక గబ్బిలం ద్వారా దేవుడికి మొర పంపవలసి వచ్చింది. అదే కవి ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. సంఘం పెట్టిన బాధను, ఊరు పెట్టిన బాధను రెండింటినీ చూసిన మనిషి క్రీస్తును మాత్రం వదలలేదు. విశ్వాసానికి, దాన్ని మోసే సంస్థకు మధ్య తేడా ఉందని అర్థం చేసుకోవడానికి ఆయన జీవితం చాలు.

ఇవాళ పల్లెల్లో కొత్త ప్రమాదం ఒకటి పెరుగుతోంది. పెద్ద వేదికలు, పెద్ద స్పీకర్లు, ప్రార్థన చేస్తే అప్పు తీరుతుందని, కానుక వేస్తే కారు వస్తుందని చెప్పే ప్రసంగాలు. రోగం తగ్గకపోతే నీ విశ్వాసం చాలలేదని రోగినే నిందించే బోధ. ఇది ఆదరణ కాదు. పాపం చేశావు గనుక ఈ కులంలో పుట్టావని చెప్పిన పాత కర్మ సిద్ధాంతానికి ఇది కొత్త రూపం మాత్రమే. కష్టానికి కారణం కష్టపడుతున్నవాడేనని రెండూ చెబుతాయి. ఆస్పత్రికి వెళ్లవలసిన మనిషిని వేదిక ముందు నిలబెట్టే బోధకుణ్ణి సంఘం నిలదీయాలి. కరువులో కాలువ తవ్వించి కూలి ఇచ్చిన సంప్రదాయం మనది. వైద్యం, చదువు, పని, న్యాయసహాయం ప్రార్థనకు పోటీ కావు. ప్రార్థన నిజమైతే వాటి దగ్గరికే దారి చూపుతుంది.

నిరీక్షణకు ఎంత కాలం?

తెలుగు క్రైస్తవ పరిభాషలో ఆశను ‘నిరీక్షణ’ అంటారు. ఆ మాటకు ఎదురుచూపు అని కూడా అర్థం. దళిత క్రైస్తవుల విషయంలో ఆ రెండో అర్థమే బరువుగా నిలబడింది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందూ మతం కాక వేరే మతం అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులస్థుడిగా పరిగణించరాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకు, ముస్లింలకు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ–సి జాబితాలో ఒక్క శాతం రిజర్వేషన్‌తో మిగిలారు. ఏటా ఆగస్టు 10ని క్రైస్తవ సంఘాలు చీకటి దినంగా పాటిస్తున్నాయి.

కారంచేడు మారణకాండ జరిగిన 1985లోనే, సెప్టెంబరులో, సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే క్రైస్తవుడు. అదే పని చేసే షెడ్యూల్డు కులాలవారికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు ఆయనకు దక్కలేదు. మతం మారాక కూడా అదే తీవ్రతతో వివక్ష ఉందని చూపే సమగ్ర ఆధారాలు లేవని కోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. ఆ ఆధారాలు ఎక్కడున్నాయో చీరాల చర్చి ఆవరణలో అప్పటికే కనిపిస్తున్నాయి. బిందె ఎత్తిన స్త్రీ ఏ మతస్థురాలని దాడి చేసినవారు అడగలేదు.

అంతకుముందే 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టిన వ్యక్తి హిందూ మతంలోకి వెళ్లి, ఆ కులం అంగీకరిస్తే, పాత కులంలో సభ్యుడు కాగలడని చెప్పింది. బాప్తిస్మంతో కులం నశించిపోయేదైతే తిరిగి ఎక్కడినుంచి వస్తుంది? తిరిగి రావడానికి సిద్ధంగా ఉన్న కులం ఎక్కడికీ పోలేదనే కదా అర్థం. అయినా 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తీర్పునిచ్చింది. కులం పేరుతో తిట్టేవాడికి అతని కులం గుర్తుంటుంది, కొట్టేవాడికి గుర్తుంటుంది. రక్షించవలసిన చట్టానికి మాత్రమే గుర్తుండదు.

దీని ఫలితం నేను బడిలో ఏటా జూన్‌లో చూశాను. దేవదానం, కరుణమ్మ, సంతోషరావు వంటి పేర్లున్న పిల్లలను తీసుకుని తల్లులు వచ్చేవారు. మతం ఏమిటని అడగగానే వారి గొంతు తగ్గేది. ‘హిందూ అని రాయండి సారూ’ అనేవారు. ఆదివారం గుడిలో గొంతెత్తి సాక్ష్యం చెప్పిన స్త్రీ, సోమవారం బడిలో తన విశ్వాసాన్ని గుసగుసగా దాచుకోవలసి రావడాన్ని మోసమని కొందరు అంటారు. బిడ్డ చదువుకా, తనకు బతికే ధైర్యమిచ్చిన దేవుడికా అన్న ప్రశ్నను ఆ తల్లి ముందు పెట్టింది ఎవరు? మనస్సాక్షి స్వేచ్ఛను 25వ అధికరణలో హామీ ఇచ్చిన రాజ్యమే, ఆ స్వేచ్ఛను వాడుకున్నందుకు ఆమె బిడ్డ దగ్గర రుసుము వసూలు చేస్తోంది.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో ఆ మూడో పేరాను తొలగించాలని సిఫార్సు చేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానించింది. కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. కమిషన్లు మారుతున్నాయి, గడువులు పెరుగుతున్నాయి. ప్రస్తుత ఎస్సీల వాటా తగ్గుతుందేమోనన్న భయం హిందూ దళిత సోదరుల్లో ఉంది. ఆ భయం న్యాయమైనదే. దానికి మార్గం జనాభాను బట్టి కోటా పెంచడం. ఒకే వాడలో ఉండే అన్నదమ్ములను ఒక రొట్టె చుట్టూ కొట్లాడుకోనివ్వడం మార్గం కాదు. ఇక అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణకు కోటాతో సంబంధమే లేదు. అది ఒకరికి ఇస్తే మరొకరికి తగ్గేది కాదు. కనీసం ఆ రక్షణను మతంతో నిమిత్తం లేకుండా వెంటనే వర్తింపజేయవచ్చు.

సంఘాలు కూడా తమ వంతు చేయాలి. ప్రతి వాడ చర్చిలో ఒక న్యాయసహాయ కూడిక ఉండాలి. ధ్రువపత్రాలు, ఉపకార వేతనాలు, కేసుల నమోదు గురించి చెప్పగలిగిన చదువుకున్న యువత ఇవాళ ప్రతి సంఘంలో ఉంది. పాస్టర్లకు ఇచ్చే శిక్షణలో రాజ్యాంగం ఒక పాఠం కావాలి. మాల సంఘం, మాదిగ సంఘం ఒకే కోతపండుగ జరుపుకోవాలి, ఒకే శ్మశానంలో సమాధి చేసుకోవాలి. స్త్రీల సాక్ష్యం విన్న సంఘమే వారికి సంఘపెద్దల కుర్చీల్లో చోటివ్వాలి.

కష్టకాలంలో విశ్వాసం మాకు ఏమిచ్చిందని అడిగేవారికి నా జవాబు ఇదే. ఒక రోజును ఇచ్చింది, ఒక పేరును ఇచ్చింది, మా మాట వినే మనుషులను ఇచ్చింది, తలదాచుకునే ఆవరణ ఇచ్చింది. ఇవేవీ పరలోకపు సంగతులు కావు. ఈ నేల మీద, ఈ ఊరి చివర, మనిషిగా నిలబడటానికి కావలసినవి. దేవుడు ఇచ్చాడని మేము నమ్మే ఆ గౌరవాన్ని గుర్తించడానికి రాజ్యానికి ఒక్క పేరా అడ్డుగా ఉంది. ఆ పేరాను తొలగించమని అడగడం దయను కోరడం కాదు. ఏడున్నర దశాబ్దాల నిరీక్షణకు రావలసిన జవాబును అడగడం.